పద్దెనిమిది రోజుల యుద్ధం: తెలుగులో సుదీర్ఘ యుద్ధ కథనం

కొంతకాలం క్రితం మా తరగతిలో ఒక విద్యార్థి తాను రాస్తున్న నవల సంగతి చెప్పాడు. అది పూర్తిగా కల్పితమైన లోకం. రెండు రాజ్యాలు, ఒక మాంత్రికుడు, చివర ఒక మహాసంగ్రామం. అతను చెన్నైలోనే పుట్టి పెరిగినవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, చదవడం మాత్రం పెద్దయ్యాక నేర్చుకున్నాడు. "యుద్ధం మొదలైన మూడో పేజీకే అందరూ చచ్చిపోతున్నారు సార్! ఇంకా ముప్పై పేజీలు రాయాలి. ఏం రాయాలో తోచడం లేదు" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. కాని ఆ ప్రశ్న నవ్వి వదిలేయదగ్గది కాదు. లక్షలమంది తలపడే యుద్ధాన్ని చదివేవాడికి విసుగు పుట్టకుండా, అయోమయం కలగకుండా చెప్పడం ఎలా అన్నది కథకులందరికీ ఎదురైన చిక్కే. అతను చదివిన నమూనాలన్నీ ఇంగ్లీషువి. తెలుగులో ఈ చిక్కును ఏడు వందల ఏళ్లకు పైగా రకరకాలుగా విప్పుతూ వచ్చారని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ చరిత్రను స్థూలంగా పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రబంధానికి చెప్పిన అష్టాదశ వర్ణనల్లో యుద్ధం కూడా ఒకటి. అందువల్ల మన విద్యార్థులు యుద్ధ వర్ణనను సూర్యోదయ, చంద్రోదయ వర్ణనల పక్కన పెట్టి చూస్తారు. ఇది సరైన దృష్టి కాదు. సూర్యోదయం వర్ణన, యుద్ధం కథ. వర్ణన పది పద్యాల్లో ముగుస్తుంది. కథకు మొదలు, నడక, మలుపులు, ముగింపు కావాలి. అది ఎవరో ఒకరు చెప్పాలి, ఎవరో ఒకరు వినాలి.

అంకెల చిక్కు

భారతయుద్ధంలో పాల్గొన్న సేన 18 అక్షౌహిణులు. కౌరవులవి 11, పాండవులవి 7. ఒక అక్షౌహిణి అంటే 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 కాల్బలం. అన్నీ కలిపితే 2,18,700. దాన్ని 18తో హెచ్చిస్తే 39,36,600. ఈ లెక్క చరిత్రకు నిలుస్తుందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఇంత పెద్ద అంకె వేసుకున్న కవి దాన్ని కథగా ఎలా నడిపాడన్నదే ప్రశ్న.

నన్నయ ఆది, సభా పర్వాలు పూర్తిచేసి అరణ్యపర్వం నడుమ ఆపేశాడు. ఎర్రన ఆ శేషాన్ని పూరించాడు. విరాటపర్వం మొదలుకొని మిగిలిన 15 పర్వాలూ 13వ శతాబ్దిలో నెల్లూరి మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్న తిక్కన తెలిగించాడు. కాబట్టి భారతంలోని యుద్ధమంతా తెలుగువారు తిక్కన గొంతులోనే విన్నారు. భీష్మపర్వం 3, ద్రోణపర్వం 5, కర్ణపర్వం 3, శల్యపర్వం 2 ఆశ్వాసాలు. మొత్తం 13 ఆశ్వాసాల యుద్ధం. ఆంధ్రమహాభారతం మొత్తం 63 ఆశ్వాసాలు కనుక ఇది అందులో అయిదో వంతు. అంత నిడివిలో పాఠకుణ్ణి నిలబెట్టిన పద్ధతులు కొన్ని వ్యాసుడి నుంచి వచ్చినవి, కొన్ని తిక్కన సానపట్టినవి.

చెప్పేవాడు, వినేవాడు

మొదటి పద్ధతి సంజయుడు. యుద్ధం మనకు నేరుగా కనబడదు. సంజయుడు ధృతరాష్ట్రుడికి చెబుతుంటే మనం పక్కన కూర్చుని వింటాం. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. సంజయుడు పదో రోజున భీష్ముడు పడిపోయాక వచ్చి ముందు ఆ వార్తే చెబుతాడు. ముసలిరాజు కుప్పకూలి, తేరుకుని, "ఎలా జరిగింది?" అని అడిగిన తరువాతే మొదటిరోజు కథ మొదలవుతుంది. ద్రోణ, కర్ణ, శల్య పర్వాల్లోనూ ఇదే వరస. ముందు సేనాపతి మరణవార్త, ఆ తరువాత అది జరిగిన తీరు.

ఫలితం ముందే తెలిసిపోతే ఉత్కంఠ ఏముంటుందని నేటి రచయిత అనుకోవచ్చు. ఇక్కడ జరిగింది మరొకటి. ఎవరు గెలుస్తారన్న ప్రశ్న తొలగిపోయి, ఇంతటివాడు ఎలా పడ్డాడన్న ప్రశ్న మిగిలింది. మొదటిది ఒక్క వాక్యంతో తీరిపోతుంది. రెండోది పది రోజుల కథను మోయగలదు. పైగా వినేవాడు గుడ్డివాడు, చచ్చేవాళ్లు అతని కొడుకులు. అందుచేత ప్రతి బాణమూ ఒక తండ్రి చెవిలో పడుతోంది. యుద్ధం ఎంత పెద్దదైనా దాన్ని కొలిచే గది మాత్రం చిన్నది. అందులో ఉన్నది ఇద్దరే.

రోజు ఒక కొలమానం

రెండో పద్ధతి విభజన. భీష్ముడు 10 రోజులు, ద్రోణుడు 5, కర్ణుడు 2 సేనాపతులుగా ఉన్నారు. చివరిదైన పద్దెనిమిదో రోజు మధ్యాహ్నానికి శల్యుడు పడ్డాడు, ఆ తరువాత భీమ దుర్యోధనుల గదాయుద్ధం. సేనాపతిని బట్టి పర్వం, సూర్యాస్తమయాన్ని బట్టి రోజు. పొద్దు వాలగానే సేనలు విడిదికి మళ్లుతాయి. రాత్రి ఆలోచనలు, నిష్ఠూరాలు, శపథాలు. తెల్లవారగానే కొత్త మోహరింపు. పాఠకుడు ఊపిరి తీసుకునేది ఈ రాత్రుల్లోనే. పగటి పోరుకు కారణాలు పుట్టేదీ ఇక్కడే.

ఈ నియమాన్ని ఏర్పరచిన కవే దాన్ని ఒకచోట కావాలని తప్పాడు. పద్నాలుగో రోజు సూర్యుడు అస్తమించాక కూడా యుద్ధం ఆగదు. దివిటీల వెలుగులో సాగుతుంది. ఘటోత్కచుడు చనిపోయేది ఆ రాత్రే. పదమూడు రోజులపాటు పొద్దుగూకగానే ఆగిన యుద్ధం ఆ రోజు ఆగకపోవడంతో, పాత మర్యాదలన్నీ తెగిపోయాయని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుస్తుంది. మూలభారతంలో ఇక్కడ ఒక చిన్న ఘట్టం ఉంది. సైనికులు నిద్రకు తూలిపోతుంటే అర్జునుడు కాసేపు పడుకోమంటాడు. ఇరుపక్షాలవారూ ఉన్నచోటనే, ఏనుగుల మీద, గుర్రాల మెడల మీద వాలి నిద్రపోతారు. చంద్రోదయం కాగానే లేచి మళ్లీ చంపుకుంటారు. లక్షలమంది ఒక్కసారిగా మనుషులుగా కనిపించే చోటు ఇది.

ఒక్క పని, ఒక్క గడువు

మూడో పద్ధతి ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పని అప్పగించడం. పదమూడో రోజు పని పద్మవ్యూహం ఛేదించడం. అభిమన్యుడికి లోపలికి వెళ్లడం తెలుసు, బయటికి రావడం తెలియదు. ఈ ఒక్క వాక్యంతో రోజంతటికీ రూపం వచ్చింది. పద్నాలుగో రోజు పని సైంధవ వధ, గడువు సూర్యాస్తమయం. ద్రోణుడు సైంధవుణ్ణి సేనల వెనక దాస్తాడు. అర్జునుడు ముందుగా చొచ్చుకుపోతాడు. అతని జాడ తెలియక ధర్మరాజు సాత్యకిని పంపుతాడు. సాత్యకి జాడా తెలియక భీముణ్ణి పంపుతాడు. ఒకే దారిలో ముగ్గురు, ఒకరి వెనక ఒకరు వెళ్లేసరికి ఆ సేన లోతు ఎంతో మనకు కొలత దొరుకుతుంది. వ్యూహానికి పటం గీయనక్కరలేదు. దానిలోంచి నడిచినవాళ్ల ప్రయాణమే పటం.

మూలంలో ఒకే తరహా ద్వంద్వయుద్ధాలు మళ్లీమళ్లీ వస్తాయి. తిక్కన వాటిని చాలాచోట్ల కుదించాడు. భగవద్గీతను సైతం కొద్ది పద్యాలకు తగ్గించాడు. సేనలు ఎదురెదురుగా నిలిచి ఉండగా కథ ఎంతసేపు ఆగవచ్చునో అతనికి తెలుసునన్నమాట. మాటకు మాట చెప్పుకునే చోట్ల మాత్రం అతని చేయి ముడుచుకోదు. ఆయుధం ఎత్తే ముందు మనిషి ఏమంటాడన్నదాని మీదే అతని దృష్టి.

కవి ఇంట్లో కత్తి

తిక్కనకు యుద్ధం కేవలం గ్రంథస్థ విషయం కాదు. అతని పినతండ్రో పెదతండ్రో అయిన సిద్ధన కుమారుడు ఖడ్గతిక్కన మనుమసిద్ధి సేనలో యోధుడు. కాటమరాజు కథల్లోనూ ఇతని ప్రసక్తి ఉంది. ఆ కథ పచ్చిక బీళ్ల పుల్లరి దగ్గర మొదలై ఎర్రగడ్డపాటి యుద్ధంతో ముగుస్తుంది. ఖడ్గతిక్కన ఒకసారి ఓడి ఇంటికి తిరిగి వచ్చాడనీ, భార్య అతనికి స్నానానికి మంచం చాటు కట్టి, పసుపు ముద్ద పెట్టిందనీ, తల్లి విరిగిన పాలు వడ్డించిందనీ, ఆ అవమానంతో తిరిగివెళ్లి పోరాడి చనిపోయాడనీ చాటుకథ. ఇందులో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో తేల్చడం కష్టం. కాని మనకు ఇక్కడ కావలసింది ఉంది. ఈ చాటుకథలో యుద్ధరంగం లేనేలేదు. స్నానాల గది, వంటిల్లు మాత్రమే ఉన్నాయి. అయినా యుద్ధం ఒక మనిషి మీద ఎంత బరువు వేస్తుందో పూర్తిగా అర్థమవుతుంది.

చెన్నై విద్యార్థులకు ఇదేమీ దూరదేశపు కథ కాదు. నెల్లూరు ఇక్కడికి రైలులో కొద్ది గంటల దూరం. ఇంకా దగ్గరలో, చిత్తూరు ప్రాంతపు ఊళ్లలో ద్రౌపదమ్మ గుళ్ల ముందు రోజుల తరబడి భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. ఆఖరి రోజున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీమ వేషధారి తిరిగి గదతో తొడ విరగగొడతాడు. తమిళ పల్లెల్లోనూ ఇదే ఆచారం ఉంది. అక్కడ కూడా యుద్ధం చెప్పడానికి రోజే కొలమానం.

పలనాడు, బొబ్బిలి

భారతయుద్ధం రాజుల కథ. పలనాటి యుద్ధం దాయాదుల తగవే అయినా దాని కథనం వేరు. 12వ శతాబ్ది చివరి పాదంలో కారెంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున జరిగిన ఈ యుద్ధాన్ని వీరవిద్యావంతులు పాడుతూ వచ్చారు. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద కావ్యంలో బాలచంద్రుడి యుద్ధం ప్రధానం. 20వ శతాబ్ది తొలినాళ్లలో అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి ప్రకటించారు.

ఇక్కడ కవి సేనను లెక్కపెట్టడు. ఒక కుర్రవాణ్ణి, అతని వెంట నడిచిన వేర్వేరు కులాల తోటివాళ్లను మన ముందు నిలబెడతాడు. బ్రహ్మనాయుడి పక్షాన సేనాని మాల కన్నమదాసు. బాలచంద్రుడి తోటివాళ్లలో బ్రాహ్మణుడైన అనపోతు ఉన్నాడు. అతను చావకూడదని బాలచంద్రుడు ఏదో నెపం పెట్టి వెనక్కి పంపేస్తాడు. సంగతి తెలిసిన అనపోతు ప్రాణం తీసుకుంటాడు. యుద్ధం ఇంకా మొదలు కాలేదు, ఒక మరణం జరిగిపోయింది. ఆ తరువాత ఎన్ని తలలు తెగినా వినేవాడు ఈ మరణంతో పోల్చుకుంటూనే ఉంటాడు. నేటికీ కార్తీకమాసంలో కారెంపూడిలో వీరుల ఉత్సవం జరుగుతుంది. చచ్చినవాళ్ల పేర్లు మర్చిపోకుండా ఉండడమే అక్కడ యుద్ధకథకు ప్రయోజనం.

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో ఫిరంగులు వచ్చాయి. ఒకవైపు బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేన, విజయనగరం విజయరామరాజు. మరోవైపు మట్టికోటలో రంగారావు. ఫిరంగి దూరాన్నుంచి చంపుతుంది కాబట్టి ద్వంద్వయుద్ధాల వరస పనికిరాదు. జానపద గాయకుడు అందుకే కోట లోపలికి వెళ్లాడు. శత్రువు చేతికి చిక్కకూడదని స్త్రీలను, పిల్లలను తమవాళ్లే చంపుకున్న ఘట్టం, ఆ తరువాత తాండ్ర పాపారాయుడు రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజును చంపిన ఘట్టం కథకు రెండు కొసలయ్యాయి. ఒకటి ముట్టడిలో చిక్కిన ఇల్లు, మరొకటి పగ. బుర్రకథ దళాలు ఈ కథను పల్లెపల్లెకూ చేర్చాయి.

వడపళని నుంచి వచ్చిన యుద్ధాలు

ఈ పాత కథలు అచ్చులోకి వచ్చింది చాలావరకు మద్రాసులోనే. వావిళ్ల వారి ముద్రణాలయం భారతాన్ని ఇంటింటికీ చేర్చింది. మెకెంజీ, బ్రౌన్ సేకరించిన రాతప్రతులు ఈ నగరంలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. మన విద్యార్థి రాయాలనుకున్న తరహా కల్పిత లోకాలు తెలుగులో నెలనెలా పుట్టింది కూడా ఇక్కడే.

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో చందమామ ప్రారంభించారు. 1952 నుంచి 1980లో మరణించేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాన్ని తీర్చిదిద్దారు. ఆ సంపాదకవర్గంలోనే ఉన్న దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'యక్షపర్వతం', 'మాయా సరోవరం' వంటి ధారావాహికలు రాశారు. పత్రికలో వాటికి ఆయన పేరు వేయలేదు. పిల్లలు చిత్రా గీసిన బొమ్మలను గుర్తుపట్టారు గాని, ఆ అడవులను, కోటలను, మాంత్రికులను సృష్టించినవారి పేరు చాలామందికి ఎన్నో ఏళ్లు తెలియలేదు.

ఆయన ముందున్న కొలత తిక్కనది కాదు. నెలకు కొన్ని పేజీలు, అందులో బొమ్మలకు చోటు, చదివేది పదేళ్ల పిల్లవాడు. అందుచేత ఆయన కథను ఇద్దరు యువకుల భుజాల మీద పెట్టారు. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ కత్తి పట్టినవాడు, జీవదత్తుడు మంత్రశక్తి తెలిసినవాడు. ఇద్దరూ ఎక్కడికి వెళితే పాఠకుడూ అక్కడికే. సేన ఎంత పెద్దదో బొమ్మ చెబుతుంది. ఏనుగు ఎటు తిరిగింది, ఎవరు చెట్టెక్కారు, ఎవరు తప్పించుకున్నారు అన్నది చిన్న వాక్యం చెబుతుంది. సంచిక ఆఖరున ఒక ప్రమాదం, మళ్లీ నెల దాకా ఎదురుచూపు. భారతంలో సూర్యాస్తమయం చేసిన పనిని ఇక్కడ నెల ఆఖరు చేసింది. చందమామ తెలుగు ప్రచురణ 2010 దశకం తొలి ఏళ్లలో ఆగిపోయింది. దాసరి సుబ్రహ్మణ్యం 2010లో కన్నుమూశారు. ఆ ధారావాహికలు ఇప్పటికీ పాఠకులు వెతుక్కుని చదువుతున్నారు.

పడమటి దేశాల్లోనూ ఈ చిక్కు ఇలాగే విడింది. 1916లో సోమ్ యుద్ధరంగంలో ఉన్న టోల్కీన్, 1955లో వెలువడిన తన నవల మూడో భాగంలో మహాసంగ్రామాన్ని చాలావరకు ఇద్దరు పొట్టివాళ్ల కళ్లతో చూపించాడు. వాళ్లలో ఒకడు ముట్టడిలో ఉన్న నగరంలో ఉన్నాడు, రెండోవాడు గుర్రం మీద రౌతు వెనక ఉన్నాడు. టాల్‌స్టాయ్ బొరోదినో యుద్ధంలోకి సైనికుడే కాని పియెర్‌ను పంపాడు. పెద్ద యుద్ధానికి చిన్న కిటికీ కావాలన్న సంగతి అందరికీ ఒకేలా తట్టింది.

ఎక్కడ ఆపాలి?

ఆఖరి ప్రశ్న ముగింపు. దుర్యోధనుడు పడగానే యుద్ధకథ ముగిసిందని భారతం అనుకోలేదు. సౌప్తికపర్వంలో నిద్రపోతున్నవాళ్ల ఊచకోత, ఆ వెంటనే స్త్రీపర్వం. గాంధారి యుద్ధభూమికి వచ్చి ఒక్కొక్క శవాన్నీ గుర్తుపడుతుంది. పదమూడు ఆశ్వాసాల్లో వీరులుగా పడ్డవాళ్లు ఇక్కడ కొడుకులు, భర్తలు, అన్నదమ్ములు అయిపోతారు. 39 లక్షలకు పైగా సేనలో చివరకు మిగిలిన ప్రముఖులు పాండవపక్షంలో అయిదుగురు అన్నదమ్ములు, కృష్ణుడు, సాత్యకి. కౌరవపక్షంలో అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. మొదట్లో వేసిన పెద్ద అంకెకు అర్థం ఈ చిన్న అంకెతో గాని తెలియదు. సుదీర్ఘ యుద్ధం రాయబూనినవాడికి స్త్రీపర్వం రాసే బాధ్యత కూడా ఉంటుంది. అది లేని యుద్ధవర్ణన లెక్కల పుస్తకం అవుతుంది.

మా విద్యార్థికి నేను ఇదంతా ఒక్కరోజున చెప్పలేదు. ముందు ద్రోణపర్వంలో పద్నాలుగో రోజు కథ చదవమన్నాను. అర్థతాత్పర్యాలు ఉన్న ప్రతి తీసుకుని, నెలకు పైగా పట్టినా పూర్తిచేశాడు. దానితోపాటు మొన, మోహరం, దండు, రౌతు, మావటి, విడిది, పుల్లరి వంటి మాటలు ఒక పుస్తకంలో రాసుకున్నాడు. ఇన్నాళ్లూ వీటి బదులు ఇంగ్లీషు మాటలు వాడుతున్నానన్నాడు. రౌతు అన్న మాట మాత్రం వాళ్ల అవ్వ నోట విన్నదేనట.

తరువాత అతను తన యుద్ధాన్ని తిరిగి రాశాడు. ఇప్పుడు అది కోటలో ఎదురుచూస్తున్న ఒక తల్లికి గాయపడిన రౌతు వచ్చి చెప్పే కథ. మొదటి వాక్యంలోనే ఆమె కొడుకు పోయిన వార్త ఉంది. ఆ అధ్యాయం ఇంకా పూర్తి కాలేదు. నలభై పేజీలు దాటిందని మొన్న చెప్పాడు. అందులో చచ్చినవాళ్లు నలుగురేనట.